కర్నూలు నుంచి కడపకు సైకిల్ మీద: హైవే వదిలి కాలవ గట్టు పట్టుకుంటే

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: కర్నూలు నుంచి కడపకు నాలుగైదు రోజుల్లో సైకిల్ మీద పోవాలి, కార్లూ లారీలూ లేని దారి కావాలి, నల్లమల కొండలూ ఏటి లోయలూ చూస్తూ సాగాలి, చేతిలో 32 మిల్లీమీటర్ల టైర్ల హైబ్రిడ్ సైకిల్ ఉంది, అది సరిపోతుందా?

ముందు సూటిగా జవాబు. కార్లను పూర్తిగా ఆపేసిన సైకిల్ దారి మన వైపు లేదు. అయితే గంటల తరబడి తొక్కినా మోటారు సైకిళ్ళూ ట్రాక్టర్లూ తప్ప పెద్దగా ఏమీ ఎదురుపడని దారి ఉంది. అది తెలుగుగంగ కాలవ గట్టు. వెలుగోడు జలాశయం నుంచి బ్రహ్మంసాగర్ దాకా నల్లమల పాదం వెంబడే పోతుంది. దాన్ని వెన్నెముకగా పెట్టుకోండి. మొదట్లో కర్నూలు నుంచి వెలుగోడు దాకా, చివర్లో మైదుకూరు నుంచి కడప దాకా పల్లె రోడ్లూ కేసీ (కర్నూలు–కడప) కాలవ గట్టూ కలుపుకోండి. ఐదు రోజులు పెట్టుకోండి, నాలుగు రోజుల్లో ఇరికించొద్దు. 32 టైర్లు మాత్రం ఈ దారికి చాలవు, ఎందుకో కింద చెప్తాను.

ఇలా అడిగేవాళ్ళలో చాలామంది ముందు ఆత్మకూరు–దోర్నాల రోడ్డునో నంద్యాల–గిద్దలూరు కనుమనో మ్యాపులో చూసి మనసు పడేస్తారు. పచ్చగా కనిపిస్తుంది కాబట్టి ఆశ సహజమే. రెండూ వద్దు. ఆత్మకూరు–దోర్నాల రోడ్డు నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం మధ్య నుంచి పోతుంది, రాత్రి పూట అక్కడ రాకపోకలు ఆపేస్తారు. గేటు పడేలోపు దాటేయాలని బస్సులూ కార్లూ సాయంత్రం తొందరపడతాయి. ఆ సన్నటి మలుపుల్లో సైకిల్‌కు పక్కకు తప్పుకునే చోటు ఉండదు. గిద్దలూరు కనుమలో లారీలు ఎక్కువ. పైగా 2024లో పచ్చర్ల దగ్గర ఒక మహిళ చిరుత దాడిలో చనిపోయింది. ఇక రోడ్డు దిగి అడవి బాటల్లోకి పోవడమంటే అది నేరమే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. కడప వైపు లంకమల, పాలకొండల్లో ఎర్రచందనం ఉంది. అక్కడ సంచులు కట్టుకుని తిరిగే కొత్త మనిషిని ముందు అనుమానించి తర్వాత మాట్లాడతారు. అడవి లోపలి భాగం చూడాలనుంటే సైకిల్‌ను ఊళ్ళో పెట్టి, బైర్లూటి దగ్గర అటవీ శాఖ వాళ్ళ బండిలో టికెట్ కొని వెళ్ళండి.

ఉగాది ముందు కన్నడ భక్తులు ఆత్మకూరు దగ్గర వెంకటాపురం మీదుగా నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను దాటి శ్రీశైలానికి నడిచిపోతారు కదా, ఆ బాటలో సైకిల్ పోదా అని కూడా అడుగుతుంటారు. పోదు. రాతి మెట్లూ బండలూ ఉన్న కాలిబాట అది. ఆ రోజుల్లో తెరిచేది కూడా కాలినడకన పోయేవాళ్ళ కోసమే.

కాలవ గట్టు ఎందుకు మంచిది? కాలవ నీళ్ళు గుట్టలు ఎక్కలేవు కాబట్టి నేల వాలును అనుసరించి ఒకే మట్టాన మెలికలు తిరుగుతూ పోతుంది. కొండను కోసుకుంటూ పోకుండా కొండ పక్కన పోతుంది. మీరు గట్టు మీద ఉంటే కొండల దృశ్యం మొత్తం దక్కుతుంది, ఎక్కుడు మాత్రం ఉండదు. కర్నూలు సముద్ర మట్టానికి సుమారు 273 మీటర్ల ఎత్తులో ఉంది, కడప 138 మీటర్లు. ఐదు రోజుల మొత్తం దిగుడు ఇంతే, కాళ్ళకు తెలియను కూడా తెలియదు. కర్నూలు నుంచి కడపకే పొండి, తిరుగు దిశలో వద్దు. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది, దక్షిణానికి పోయేవాళ్ళకు అది వెనక నుంచో పక్క నుంచో తగులుతుంది.

గట్టు ఏ వైపు పట్టుకోవాలన్నది చాలామంది తప్పు చేసే చోటు. ఇలాంటి కాలవకు కొండ వైపు సహజంగానే నేల ఎత్తుగా ఉంటుంది, పల్లం వైపు పెద్ద కట్ట పోస్తారు. తనిఖీ జీపులు తిరిగే రోడ్డు సాధారణంగా ఆ పెద్ద కట్ట మీదే ఉంటుంది. తెలుగుగంగ దక్షిణానికి పారుతుంది, నల్లమల తూర్పున ఉంది. కాబట్టి మీకు కావలసింది పడమటి గట్టు, అంటే నీళ్ళు పారే దిక్కుకు కుడి వైపు గట్టు. తూర్పు గట్టు మీద కాసేపు బాగానే ఉన్నట్టుంటుంది, ఆ తర్వాత కంపలో కలిసిపోతుంది. వంతెన కోసం మళ్ళీ వెనక్కి రావాలి.

కొండల నుంచి దిగే వంకలు కాలవను దాటే చోట్లే ఈ దారిలో తలనొప్పి. చిన్న వంకైతే కాలవ కింద తూముల్లోంచి పోతుంది, ఇంజనీర్లు దాన్ని యూటీ అంటారు. అక్కడ మీకు తేడా తెలియదు. పెద్ద వంక దగ్గర కాలవే వంక మీదుగా అక్విడక్ట్‌లో పోతుంది. కొన్నిచోట్ల గట్టు రోడ్డు అక్కడ తెగిపోతుంది. అక్విడక్ట్ గోడ మీద సైకిల్ నడిపించే ప్రయత్నం చేయొద్దు. గట్టు దిగి, పల్లం వైపు పొలాల దారి పట్టుకుని, వంక దాటి మళ్ళీ ఎక్కండి. బయలుదేరే ముందు రోజు రాత్రి ఉపగ్రహ చిత్రంలో మర్నాటి కాలవంతా దగ్గరగా చూసి, గట్టు గీత మాయమైన ప్రతి చోటా ఒక గుర్తు పెట్టుకోండి, మ్యాపును ఫోన్‌లోకి దించుకోండి. కొండ పాదంలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. మ్యాపు కన్నా నమ్మదగ్గవాళ్ళు లస్కర్లు. షట్టర్ల దగ్గర ఉండే ఆ మనిషిని పలకరించి "అన్నా, గట్టు ఎందాక బాగుంది?" అంటే, ఎక్కడ కోసుకుపోయిందో ఎక్కడ టిప్పర్లు తిరుగుతున్నాయో చెప్తాడు. రెగ్యులేటర్ల మీదా ఆనకట్టల మీదా ఫోటోలు తీయొద్దు, కాపలా వాళ్ళు అభ్యంతరం చెప్తారు.

ఇప్పుడు దారి. దూరాలు రమారమి, గట్టు మెలికలను బట్టి ఐదారు కిలోమీటర్లు అటూ ఇటూ అవుతాయి.

మొదటి రోజు: కర్నూలు – నందికొట్కూరు – ఆత్మకూరు, 70 కిలోమీటర్లు. ఐదు రోజుల్లో ఇదే చప్పటి రోజు, ముందే చెప్తున్నాను. ఊళ్ళో కేసీ కాలవ గట్టు పట్టుకోవద్దు, మురుగూ ఆక్రమణలూ దాటేసరికి గంట పోతుంది. తెల్లవారగానే నందికొట్కూరు రోడ్డున గార్గేయపురం చెరువు దాటేయండి, ఆ తర్వాత పల్లె రోడ్ల మీద కాలవ దగ్గరకు చేరండి. ఈ కాలవను 1860ల్లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ తవ్వించింది. సాగుకే కాక పడవలు నడపడానికి కూడా తవ్విందే కాబట్టి దారిలో పాత లాకులు కనిపిస్తాయి. పక్షులు ఇష్టమైతే మిడుతూరు వైపు రోళ్ళపాడు గడ్డిభూములకు పక్కదారి ఉంది. బట్టమేకల పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన చోటు అది. ఆ పిట్ట కనిపిస్తుందని పోవద్దు, జింకల కోసం, గడ్డి కోసం పొండి.

రెండో రోజు: ఆత్మకూరు – వెలుగోడు – మహానంది, 60 నుంచి 65. అసలు ప్రయాణం ఇక్కడ మొదలవుతుంది. పోతిరెడ్డిపాడు నుంచి వచ్చే శ్రీశైలం నీళ్ళు బనకచెర్ల క్రాస్ రెగ్యులేటర్ దగ్గర మూడుగా చీలతాయి. ఒక పాయ తెలుగుగంగకు, ఒకటి గోరుకల్లు వైపు పోయే శ్రీశైలం కుడి కాలవకు, మధ్యది కేసీ ఆయకట్టుకు. తెలుగుగంగ పాయ వెలుగోడు జలాశయంలో కలుస్తుంది, దాని నిల్వ సామర్థ్యం 16.95 టీఎంసీలు. కట్ట దిగువ నుంచి బయటపడే కాలవ పట్టుకుంటే బండి ఆత్మకూరు మండలం మీదుగా ఎడమ చేతి వైపు నల్లమల గోడలా నిలబడి ఉంటుంది. పొద్దున సూర్యుడు ఆ కొండల వెనక నుంచి రావాలి కాబట్టి ఎండ ఆలస్యంగా తగులుతుంది. సాయంత్రం పడమటి వెలుగు నేరుగా కొండ మీద పడుతుంది. కొండను చూడాలంటే నాలుగు తర్వాతే చూడాలి.

ఓంకారం దగ్గర కాశినాయన సత్రంలో అన్నం పెడతారు. హుండీలో మీకు తోచింది వేయండి. మహానందిలో గదులకు కొదవ లేదు, కార్తీక మాసం సోమవారాలూ శివరాత్రీ మాత్రం తప్పించుకోండి. అరటి తోటల మధ్య చివరి నాలుగైదు కిలోమీటర్లు చల్లగా ఉంటాయి. సాయంత్రం ఐదుకల్లా గట్టు దిగి ఊళ్ళోకి చేరాలి. కాలవ నీళ్ళకు ఎలుగుబంట్లూ అడవి పందులూ చిరుతలూ దిగే వేళ అది.

మూడో రోజు: మహానంది – గాజులపల్లె – రుద్రవరం – దిగువ అహోబిలం, 65. గాజులపల్లె దగ్గర గిద్దలూరు రోడ్డు అడ్డం దాటాలి, దిగి నడిపించుకుంటూ దాటండి. ఆపైన మొత్తం దారిలోకెల్లా నిశ్శబ్దమైన భాగం వస్తుంది. దుకాణాలు కూడా లేవు, మధ్యాహ్నం తిండి మహానందిలోనే కట్టించుకోండి. కొండకు అతి దగ్గరగా పోయేదీ ఇక్కడే. అహోబిలంలో ఎగువ గుడి దిగువ గుడికి 8 కిలోమీటర్లు, ఎక్కుడు. సంచులు గదిలో పడేసి ఖాళీ సైకిల్‌తో పొండి, చీకటి పడకముందే దిగండి. పావన నరసింహ, జ్వాలా నరసింహ వైపు బాటలు నడకకే.

నాలుగో రోజు: అహోబిలం – చాగలమర్రి పక్కగా – బ్రహ్మంగారి మఠం, 65 నుంచి 70. గట్టు చాలావరకు బాగుంటుంది. బ్రహ్మంసాగర్ నీటి అంచు మీద పొద్దు వాలడం చూడొచ్చు. మఠంలో సత్రాలున్నాయి.

ఐదో రోజు: మఠం – మైదుకూరు – ఖాజీపేట – కడప, 65. మైదుకూరు నుంచి హైవే ఎక్కకుండా కేసీ కాలవ వెంబడి పల్లెల్లోంచి రండి. తొందర లేకపోతే పుష్పగిరి వైపు తిరగండి. పెన్న ఒడ్డున గుళ్ళూ, దాని ఎగువన ఆదినిమ్మాయపల్లె ఆనకట్టా, అక్కడి నుంచి కడప దాకా కేసీ కాలవ చివరి భాగమూ. లోయలో తొక్కడం అంటే ఏమిటో ఆ ఒక్క పూటలో తెలుస్తుంది.

ఇక మట్టి సంగతి. కొండ పాదంలో ఎర్ర గరుసు, వాన పడ్డా పూటలో ఆరిపోతుంది. కుందూ ఏటి లోయలోకి దిగితే నల్లరేగడి. తడిసిన రేగడిలో సైకిల్ నడవదు. వంద మీటర్లలో టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య మట్టి బిగుసుకుని చక్రం ఆగిపోతుంది. బలవంతంగా తొక్కితే వెనక గేరు వంగి స్పోకుల్లో పడుతుంది, దానితో ప్రయాణం ముగుస్తుంది. వాన పడితే కేసీ గట్టుకు రెండు రోజులు ఆగండి, లేదా తారు వేసిన పల్లె రోడ్లలో పొండి. మడ్‌గార్డులు ఇంట్లోనే వదిలేయండి. అందుకే కాలం కూడా నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా అని చెప్తాను. కడప వైపు అక్టోబర్, నవంబర్ నెలల్లో తుఫాను వానలు గట్టివి. 2021 నవంబర్ 19న చెయ్యేరు పొంగి అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది కూడా అలాంటి వానకే.

టైర్ల విషయానికి వస్తే, 32 గరుసులో దిగబడుతుంది, గులకరాళ్ళ మీద రిమ్‌కు దెబ్బ తగులుతుంది. మీ ఫ్రేములో 40 పడుతుందేమో చూడండి, రెండు పక్కలా కనీసం 5 మిల్లీమీటర్లు ఖాళీ ఉండాలి. మీరూ సామానూ కలిపి 90 కిలోలనుకుంటే టైర్లలో గాలి వెనక 45, ముందు 38 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి సర్దుకోండి. సామాను 10 కిలోలు దాటనివ్వకండి. వెనక చక్రానికి గేర్ల వైపు స్పోకులే ముందు తెగుతాయి. ఆ కొలతవి మూడు ఫ్రేముకు టేపుతో చుట్టి పెట్టుకోండి.

గాలి కన్నా, ఎండ కన్నా ఈ ప్రయాణాన్ని చెడగొట్టేది ముల్లు. కాలవ గట్టు నిండా సర్కారు కంప. కంప కొట్టిన చోట ఎండిన ముళ్ళు గరుసులో కలిసిపోయి కంటికి కనబడవు, మామూలు టైరును నేరుగా దూసుకుపోతాయి. పల్లేరు కాయలు వేరే. ట్యూబ్‌లెస్ చేయించుకోగలిగితే అదే మేలు. ట్యూబులతో పోయేట్టయితే ఒక్కో ట్యూబులో 80 నుంచి 100 మిల్లీలీటర్ల సీలెంట్ పోయండి, రెండు ట్యూబులు అదనంగా ఉంచుకోండి, పది ప్యాచీలు, చిన్న పట్టకారు. పంచరైనప్పుడు ట్యూబు మార్చి గాలి కొట్టేయడమే అందరూ చేసే తప్పు. ముల్లు మొన టైరులోనే విరిగి ఉంటుంది, కిలోమీటరులో మళ్ళీ దిగుతుంది. ట్యూబులో రంధ్రం ఎక్కడుందో వాల్వు నుంచి కొలుచుకుని టైరులో అదే చోట చూడండి. తర్వాత గుడ్డ పీలికతో టైరు లోపలంతా ఒక చుట్టు తుడవండి. గుడ్డ ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లుంది, పట్టకారుతో లోపలి నుంచి లాగండి. ప్యాచీ వేసేటప్పుడు సొల్యూషన్ పూసి ఐదు నిమిషాలు ఆరనివ్వాలి. తడి మీద అంటిస్తే మధ్యాహ్నం ఎండకు లేచిపోతుంది. మీ ట్యూబులకు సన్న ప్రెస్టా వాల్వు ఉంటే ఇత్తడి అడాప్టర్ రెండు కొనుక్కోండి. పల్లెల్లో పంచరు షాపుల పంపు దానికి పట్టదు.

నీళ్ళు మనిషికి మూడు లీటర్లకు తగ్గకుండా. దాదాపు ప్రతి ఊళ్ళోనూ వాటర్ ప్లాంటు ఉంది, అక్కడే నింపుకోండి. కాలవ నీళ్ళు తాగొద్దు. కాలవలోకి దిగొద్దు కూడా. లైనింగ్ వేసిన ఏటవాలు పాచి పట్టి జారుతుంది, ఈత వచ్చినవాడు కూడా పైకి ఎక్కలేడు. మెట్లున్న చోట చెంబుతో ముంచుకుని పోసుకోండి. లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపిన సీసా ఒకటి ఎప్పుడూ ఉండాలి, చెంచాలు టీ చెంచాలు, తలకొట్టుగా కొలవాలి.

గొర్రెల మంద ఎదురైతే దిగి, సైకిల్‌ను మీకూ కుక్కకూ మధ్య పెట్టుకుని నడవండి. కాపలా కుక్క పరిగెత్తే చక్రాన్నే తరుముతుంది, నడిచే మనిషిని చాలావరకు వదిలేస్తుంది. కోతల కాలంలో పల్లె రోడ్ల మీద వడ్లూ మొక్కజొన్నలూ ఆరబోస్తారు. గింజల మీద ఎక్కితే జారతారు, రైతుకూ నష్టం. పక్కకు దిగి పొండి.

పెన్న లోయనే ప్రత్యేకంగా చూడాలనుకుంటే గండికోటను వేరే ప్రయాణంగా పెట్టుకోండి. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లు, మైలవరం ఆనకట్ట దారిలోనే పడుతుంది. ఎర్రగుంట్ల వైపు నుంచి మాత్రం తొక్కుకుంటూ రావద్దు, సిమెంటు లారీల దుమ్ములో ఊపిరి ఆడదు. నంద్యాల–ఎర్రగుంట్ల రైలు మార్గంలో జమ్మలమడుగు స్టేషన్ ఉంది. కడప నుంచి రాయచోటి పోయే గువ్వలచెరువు కనుమ కూడా లారీల వల్లే వద్దు. అనంతపురం వాళ్ళు తాడిపత్రి నుంచి ఆలూరు కోన వైపు, కదిరి నుంచి తిమ్మమ్మ మర్రిమాను వైపు చిన్న రోడ్లు చూసుకోవచ్చు. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి గాలిమరలు తిప్పేంత గట్టిది, కాబట్టి ఆ నెలల్లో పొద్దున పడమరకు పోయి మధ్యాహ్నం తూర్పుకు తిరిగి రండి.

కడప నుంచి వెనక్కి రావడానికి సైకిల్‌ను రైల్లో లగేజీగా వేయొచ్చు. పార్సిల్ ఆఫీసుకు రెండు గంటల ముందు చేరండి. పెడళ్ళు విప్పి, హ్యాండిల్ తిప్పి ఫ్రేముకు సమాంతరంగా కట్టి, గేరు ఉన్న వైపు అట్ట చుట్టండి. పేరూ ఫోన్ నంబరూ చేరే స్టేషనూ రాసిన చీటీ రెండు చోట్ల కట్టండి. ఒక్క నిమిషం ఆగే స్టేషన్లలో దించరు, నంద్యాలో డోనో లాంటి పెద్ద స్టేషన్‌కే బుక్ చేయండి. దిగగానే మీరే బ్రేక్ వ్యాన్ దగ్గరకు వెళ్ళి నిలబడండి.